మెదడులో గడ్డ: ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి?

పాఠకుల ప్రశ్నలు, మా వైద్య బృందం జవాబులు

ఈసారి రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగువారి నుంచి ఒకే దిగులుతో ఉత్తరాలు వచ్చాయి. ఇంట్లో ఒకరికి బ్రెయిన్ ట్యూమర్ అన్నారు, ఎక్కడికి తీసుకెళ్ళాలో తేలడం లేదు. ఒక పక్క విశాఖ, ఒక పక్క బరంపురం, కటక్. ఇక ఎవరో ఒకరు హైదరాబాదు అనో వెల్లూరు అనో అంటూనే ఉంటారు. చాలామందికి పనికొచ్చే ఉత్తరాలు ఏరి జవాబులు రాస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు. మునిగుడలో కిరాణా కొట్టు. కొట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయారు. సీటీ తీస్తే ఎడమ పక్క 4 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. ఇప్పుడు లేచి తిరుగుతున్నారు గానీ ఒక్కోసారి మాట కోసం తడుముకుంటున్నారు. మావయ్య విశాఖ అంటున్నారు, బాబాయి హైదరాబాదు అంటున్నారు, పక్కింటివాళ్ళు వెల్లూరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
(ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా)

జవాబు: ముందు సీటీ చూసిన డాక్టరుని ఒక్క మాట అడగండమ్మా: ఎన్నాళ్ళు ఆగవచ్చు? మందులతో ఫిట్స్ అదుపులో ఉండి, స్పృహ బాగుండి, తింటూ తిరుగుతూ ఉన్నవారికి సాధారణంగా ఒకటి రెండు వారాలు విచారించుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి ఉందని డాక్టరు చెబితేనే తక్కినదంతా. మనిషి మగతగా అయిపోతున్నా, తలనొప్పితో వాంతులు ఎక్కువవుతున్నా, చూపు మసకబారుతున్నా, చెయ్యో కాలో రోజురోజుకీ పట్టు తప్పుతున్నా, ఫిట్స్ వెంటవెంటనే వస్తున్నా ఇక వెతకడం ఆపేయాలి. రాత్రిపూట కూడా న్యూరోసర్జన్ అందుబాటులో ఉండే దగ్గరి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. గడ్డ అడ్డుపడి మెదడులో నీరు నిలిచిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ నీరు తీసే చిన్న ఆపరేషన్ దగ్గర్లో చేయించి, అసలు గడ్డ సంగతి తర్వాత పెద్దచోట చూసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అందులో తప్పేమీ లేదు.

దారిలో ఫిట్స్ వస్తే ఆయన్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. నోట్లో చెంచా, నీళ్ళు, మాత్ర ఏదీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ప్రయాణం హడావుడిలో ఎక్కువ ఇళ్ళలో జరిగే పొరపాటు ఫిట్స్ మాత్ర వేళ తప్పడం. మాత్రలు పెట్టె అడుగున పడేయకుండా, వెంట ఉండేవారి జేబులోనే ఉంచండి.

రెండోది స్కానింగు. సీటీతో ఆసుపత్రి ఎంచుకోలేం. కాంట్రాస్ట్ (గడ్డ మెరిసి కనబడేలా చేసే మందు) ఎక్కించి తీసిన ఎమ్మారై కావాలి. దానికి ముందు కిడ్నీల పని తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూపించండి. పేస్‌మేకరు గానీ, ఒంట్లో ఇనుప ముక్క గానీ ఉంటే ముందే చెప్పండి. ఫిలిములు ఇచ్చి పంపేస్తారు, సీడీ అడిగి తీసుకోండి. డాక్టరు కంప్యూటర్లో పొర పొరగా కదిపి చూడగలిగేది సీడీలోని బొమ్మలనే. సెంటరు వదలకముందే ఆ సీడీ ఇంకో కంప్యూటర్లో తెరుచుకుంటుందో లేదో చూసుకుని, పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెట్టించుకోండి. సీడీ తెరుచుకోక రెండోసారి ఎమ్మారై తీయించుకునేవాళ్ళు చాలామంది. ఆ డబ్బూ పోతుంది, ఆ వారమూ పోతుంది.

ఎమ్మారై ఎందుకంటే, కనబడిన గడ్డ అంతా ట్యూమరే కానక్కర్లేదు. మన ప్రాంతంలో టీబీ గడ్డలు, పంది టేప్‌వార్మ్ పిల్లల తిత్తులు కూడా ఫిట్స్‌తోనే బయటపడతాయి, సీటీలో ఉంగరంలా కనబడతాయి. ఎక్కువసార్లు అవి మందులతోనే తగ్గుతాయి. ఊపిరితిత్తిలోనో ఇంకోచోటో పుట్టిన క్యాన్సరు మెదడుకి చేరడమూ ఉంది. ఒకటి కంటే ఎక్కువ గడ్డలుంటే ఛాతీ, పొట్ట స్కాన్ కూడా తీస్తారు. ఇంకొకటి గుర్తుంచుకోండి. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రాస్తారు. ఎమ్మారైలో లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సరు) అనుమానం ఉంటే, మనిషి స్థితి అనుమతించినంత వరకు బయాప్సీ (గడ్డలో ముక్క తీసి చేసే పరీక్ష) అయ్యేదాకా ఆ మందు మొదలుపెట్టరు. అది పడితే లింఫోమా కరిగిపోయి ముక్కలో ఏమీ తేలదు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలిపోవచ్చు. దాన్ని తిన్న తర్వాతే వేసుకోవాలి. నిద్ర పట్టాలంటే రోజులో చివరి మాత్ర మధ్యాహ్నం 3 లోపే పడాలి. షుగరు పెరుగుతుంది కాబట్టి వారానికి రెండు మూడుసార్లైనా చూడాలి.

ఇక ఆసుపత్రి. బోర్డు మీద పేరు, భవనం ఎత్తు పక్కనబెట్టి, నాన్నగారి గడ్డ ఉన్నచోట పని చేసిన చేతులు అక్కడ ఉన్నాయా అన్నది చూడండి. న్యూరోసర్జన్లలో చాలామంది రోజువారీ పని యాక్సిడెంటు తలదెబ్బలు, వెన్నుపూస ఆపరేషన్లు. మంచి సర్జనే అయినా నెలకో రెండు నెలలకో ఒక్క ట్యూమర్ చేసే చోటుకీ, వారం వారం చేసే చోటుకీ ఫలితంలో తేడా ఉంటుంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: "సార్, నెలకు ఎన్ని మెదడు ట్యూమర్లు చేస్తారు? అందులో మాట దగ్గర ఉన్నవి ఎన్ని?" విసుక్కోకుండా లెక్క చెప్పే డాక్టరుని నమ్మవచ్చు. ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకున్నారంటే ఇంకో చోట కూడా చూపించుకోండి.

మీ నాన్నగారికి గడ్డ ఎడమ పక్క ఉంది, మాట తడబడుతోంది. కుడిచేతి వాటం వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా మాట కేంద్రం ఎడమ పక్కనే ఉంటుంది. అలాంటి చోట మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ చేసే ఆపరేషన్ ఉంది. దాన్ని అవేక్ సర్జరీ అంటారు. అది అందరికీ అవసరం ఉండదు, కానీ అవసరమైతే చేయగలిగే బృందం అక్కడ ఉందా అని అడగాలి. ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోండి. తెలుగు తప్ప రాని మనిషి చేత ఒడియాలోనో హిందీలోనో బొమ్మల పేర్లు చెప్పిస్తే పరీక్షే తప్పిపోతుంది. ఆపరేషన్ టేబులు దగ్గర ఆయనతో ఎవరు మాట్లాడతారో, ఏ భాషలో మాట్లాడతారో అడిగి తెలుసుకోండి.

పరికరాల్లో నాలుగు అడగండి: ఆపరేషన్ మైక్రోస్కోపు, గడ్డ ఎక్కడుందో తెర మీద చూపించే నావిగేషను, గడ్డని పొడి చేసి పీల్చే క్యూసా, నరాల పని కనిపెట్టే న్యూరోమానిటరింగు. గ్లయోమా అనే రకానికి గట్టి అంచు ఉండదు, బ్లాటింగు కాగితం మీద సిరాలా మెదడులోకి పాకి ఉంటుంది. ఎక్కడ ఆపాలో సర్జన్‌కి తెలియడానికే ఇవన్నీ. ఎక్కువ తీయాలి, మాటా చెయ్యీ పోకూడదు. రెండూ కలిస్తేనే మంచి ఆపరేషన్. "మొత్తం తీసేస్తాం" అని స్కాను చూడగానే మాటిచ్చేవాళ్ళని ఇంకొంచెం లోతుగా ప్రశ్నించండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి 24 గంటల్లో లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. అర్ధరాత్రి 2 గంటలకు మనిషి మగత పడితే వెంటనే సీటీ తీసేవారున్నారా, సర్జన్ ఎంతసేపట్లో వస్తారు, ఐసీయూలో రాత్రి డ్యూటీ ఎవరిది? పగటిపూట చక్కగా కనిపించే చోట్లు కొన్ని ఈ ప్రశ్న దగ్గరే తడబడతాయి. 48 నుంచి 72 గంటల లోపు మళ్ళీ కాంట్రాస్ట్ ఎమ్మారై తీస్తారా అని కూడా అడగండి. ఆ గడువు దాటితే కోత పెట్టిన చోటు కూడా మెరవడం మొదలై, మిగిలిన గడ్డ ఏదో మానుతున్న గాయం ఏదో తేలదు. ఎంత మిగిలిందో తెలియకపోతే తర్వాతి వైద్యం గుడ్డిగా సాగుతుంది.

చివరిది ముక్క పరీక్ష. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చాలా మెదడు గడ్డలకి పేరు పెట్టాలంటే మైక్రోస్కోపు కింద చూడటం ఒక్కటే సరిపోదు. గ్లయోమా అయితే గడ్డ జన్యువుల్లో ఐడీహెచ్ మార్పు, 1పీ/19క్యూ చూడాలి. గ్లయోమాల్లో బాగా ముదురు రకమైన గ్లయోబ్లాస్టోమా అయితే, కీమో మాత్ర ఎంత పనిచేస్తుందో సూచించే ఎంజీఎంటీ కూడా. ఇవి అక్కడే చేస్తారా, బయటికి పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది, ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య కార్డులో వస్తుందా? ఇదంతా ఆపరేషన్‌కి ముందే తేల్చుకోండి.

మీకు చేరువలో ఉన్న పెద్ద చోట్లు ఇవి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో నేరుగా విశాఖ చేరవచ్చు. అక్కడ ప్రభుత్వపు కేజీహెచ్ ఉంది, ప్రైవేటు న్యూరో ఆసుపత్రులున్నాయి. రేడియేషన్, కీమోలకు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒడిశాలో భువనేశ్వర్ ఎయిమ్స్, కటక్‌లో ఎస్సీబీ మెడికల్ కాలేజీ, దాని పక్కనే ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ. హైదరాబాదులో నిమ్స్. ఇంకా దూరమైతే బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ. మీకు మా సలహా ఇది. ఎమ్మారై సీడీతో విశాఖలో ఒకరికి, నిమ్స్‌లోనో ఎయిమ్స్‌లోనో ఇంకొకరికి చూపించండి. ఇద్దరి మాటా ఒకటే అయి, విశాఖ బృందం పై ప్రశ్నలకు నిలబడితే అక్కడే చేయించండి. అవేక్ సర్జరీ కావాలని తేలి విశాఖలో ఆ బృందం లేకపోతే మాత్రం దూరమైనా వెళ్ళడమే మంచిది. ఆపరేషన్‌కి ఒక్కసారే దూరం వెళ్తారు. రేడియేషన్ దగ్గర్లో పెట్టించుకోవచ్చు.

సెకండ్ ఒపీనియన్‌కి వెళ్ళేటప్పుడు ఒక్క పేజీ రాసి పెట్టుకోండి: వయసు, కుడిచేయా ఎడమచేయా, మొదటి లక్షణం ఎప్పుడు, ఫిట్స్ ఎన్నిసార్లు, బీపీ, షుగర్, వాడుతున్న ప్రతి మందూ దాని మోతాదుతో. గుండెకి ఆస్పిరిన్‌, క్లోపిడోగ్రెల్‌ లాంటివి వాడుతుంటే అది పై వరసలో ఉండాలి. అవి రక్తం గడ్డకట్టనివ్వవు, ఆపరేషన్ తేదీ వాటి మీద ఆధారపడుతుంది.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా వదినకి మెదడు ఆపరేషన్ విశాఖలో చేయించాలి. ఆంధ్రలో, పాతపట్నంలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళ అడ్రసు మీద ఆరోగ్యశ్రీ చేయించేస్తే ఖర్చు ఉండదంటున్నారు. మాకు ఒడిశా రేషన్ కార్డుంది.
(ఒక పాఠకురాలు, గజపతి జిల్లా)

జవాబు: ఆ పని చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం ఆ రాష్ట్రంలో ఉండేవారికే. ఆధార్ వేలిముద్ర దగ్గరే బయటపడుతుంది. అప్పుడు ఆపరేషన్ తేదీ పోతుంది, చుట్టాల కార్డుకీ చిక్కు వస్తుంది.

మీకు మీ దారే ఉంది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవారికి ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా విడిగా వయ వందన కార్డు ఉంది.

చిక్కంతా ఆసుపత్రి చేరిందా అన్న ప్రశ్నలో లేదు, దేనికి చేరిందన్న దగ్గర ఉంది. ఒక ఆసుపత్రి పథకంలో ఉండి కూడా అందులో న్యూరోసర్జరీ లేకపోవచ్చు, న్యూరోసర్జరీ ఉండి రేడియేషన్ లేకపోవచ్చు. బయల్దేరేముందు ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి అడగండి. ఆ ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆయుష్మాన్ మిత్రకి కూడా ఫోన్ చేసి ఇలా అడగండి: ఒడిశా కార్డు తీసుకుంటారా? న్యూరోసర్జరీ ప్యాకేజీకి ముందస్తు అనుమతి ఎన్ని రోజుల్లో వస్తుంది? అందులో రానివి ఏవి? అడ్మిషన్‌కి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు పథకంలోకే వస్తాయి. ఇది తెలియక జేబులోంచి కట్టేస్తుంటారు. కట్టేశాక తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. అనుమతి రాకముందు అడ్వాన్సు అడిగితే రాతపూర్వకంగా రసీదు తీసుకోండి.

సరిహద్దు ఇళ్ళలో ఇంకో తిరకాసు పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు చివర, రేషన్ కార్డులో ముందు, ఒడియాలో రాసి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఒక అక్షరం తేడా. కార్డు తిరగ్గొట్టడానికి అదొక్కటి చాలు. వదినగారి ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకుని, తేడా ఉంటే ప్రయాణానికి ముందే దిద్దించుకోండి. ఒకచోట చేరి మధ్యలో ఇంకో చోటుకి మారితే, మొదటి ఆసుపత్రి వాళ్ళు మీ కార్డులో బ్లాక్ చేసి ఉంచిన సొమ్ము విడిపించారో లేదో చూసుకోవాలి. లేకపోతే రెండోచోట బ్యాలెన్సు లేదంటారు.

ప్రశ్న: మా అన్నయ్యకి 49. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అని వచ్చింది. 30 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టాలి, కీమో మాత్రలు వాడాలి అన్నారు. మాది గుణుపురం. హైదరాబాదులోనే ఉండాలా?
(ఒక పాఠకుడు, రాయగడ జిల్లా)

జవాబు: ఉండనక్కర్లేదు. ఈ వైద్యం ప్రపంచమంతా ఒక్క తీరునే సాగుతుంది. రేడియేషన్ మొత్తం 60 గ్రే (రేడియేషన్ కొలత), 30 సిట్టింగులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, 6 వారాలు. దానితోపాటు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్ర. 2005లో వెలువడిన పెద్ద పరిశోధనతో ఇది స్థిరపడింది. రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ మిషను, గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాలు మలిచే ఐఎంఆర్టీ పద్ధతి, మెదడు కేసులు చూసే రేడియేషన్ డాక్టరు ఉన్నచోట ఎక్కడైనా ఒకే ప్రణాళిక అమలవుతుంది. మీకు విశాఖ దగ్గర. గుణుపురం నుంచి రోజూ వచ్చిపోవడం కుదరదు. 6 వారాలు గది తీసుకోవాల్సిందే. ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కరుని అడిగితే రోగుల వసతి గృహాల వివరాలిస్తారు. రైల్వే వాళ్ళ ఫారం మీద ఆసుపత్రి సంతకం చేయిస్తే స్లీపర్‌, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గుతుంది.

ఆపరేషన్ తర్వాత 3 నుంచి 6 వారాల మధ్య రేడియేషన్ మొదలవ్వాలి. ముఖానికి మాస్కు చేయడం, ప్లానింగు సీటీ, దాన్ని ఎమ్మారైతో కలపడం, వీటికే వారం దాకా పడుతుంది. వెయిటింగు లిస్టు ఎంతో ఇవాళే అడగండి. మిషను ఖాళీ లేక ఆలస్యమయ్యే పెద్ద పేరు కంటే, వేళకి మొదలుపెట్టే చోటు నయం. మధ్యలో సిట్టింగులు పోగొట్టకండి. ఖాళీ రోజుల్లో గడ్డ కణాలు తిరిగి పుంజుకుంటాయి. పండగకి ఊరెళ్ళి వస్తామంటే కుదరదు. మిషను పాడై ఒకరోజు పోతే ఎలా పూరిస్తారో అడగండి.

హైదరాబాదు వదిలేముందు పారఫిన్ బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకోండి. ఆపరేషన్‌లో తీసిన గడ్డ అందులో మైనంలో భద్రంగా ఉంటుంది. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే కొత్తచోట డాక్టరు మళ్ళీ చూడలేరు, ఎంజీఎంటీ పరీక్ష చేయించలేరు. వాటితోపాటు ఆపరేషన్ నోట్సు, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన ఎమ్మారైల సీడీలు. బ్లాకులు ఎండ తగిలే కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.

మాత్ర లెక్క బాగా అర్థం చేసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు ప్రాణం తీయగలదు. రేడియేషన్ జరిగినన్నాళ్ళూ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, శని ఆదివారాలతో సహా. వైశాల్యం 1.6 ఉన్నవారికి 120, అంటే 100ది ఒకటి, 20ది ఒకటి. రేడియేషన్ అయ్యాక 4 వారాల విరామం. తర్వాత మోతాదు పెరుగుతుంది, రోజులు తగ్గుతాయి: మొదటి విడత చదరపు మీటరుకి 150 చొప్పున, రక్తం బాగుంటే ఆ తర్వాత 200 చొప్పున, 28 రోజులకి 5 రోజులే. అలా 6 విడతలు. ఈ పెద్ద మోతాదుని పాత అలవాటుతో రోజూ వేసేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి. క్యాలెండర్ మీద మాత్ర వేసే రోజులు గుండ్రంగా చుట్టి గోడకి తగిలించండి. వాంతి మాత్ర వేసిన అరగంట నుంచి గంట తర్వాత, ఖాళీ కడుపున వేసుకోవాలి. క్యాప్సూలు విప్పకూడదు, పొడి చేయకూడదు. రేడియేషన్ రోజుల్లో వారానికోసారి సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి. ప్లేట్‌లెట్లు లక్ష కిందికి వస్తే తర్వాతి మాత్ర వేసేముందు డాక్టరుకి ఫోన్ చేయాలి. ఆ 6 వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షను రాకుండా చాలామందికి కోట్రైమోక్సజోల్ కూడా రాస్తారు. చీటీలో లేకపోతే అడగండి.

రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో ఎమ్మారైలో గడ్డ పెరిగినట్టు కనిపించవచ్చు. కొందరిలో అది నిజంగా పెరగడం కాదు, రేడియేషన్ వల్ల వచ్చిన వాపు. గడ్డలో రక్తప్రసరణ చూపించే పెర్ఫ్యూజన్ ఎమ్మారై తీసో, కొన్ని వారాలు ఆగి మళ్ళీ తీసో తేలుస్తారు. ఆ ఒక్క స్కాను చూసి "ఇక లాభం లేదు" అని వైద్యం మానేయకండి.

ఇంటి పెద్దలకి నిజం తెలిసుండాలి గనుక చెబుతున్నాం. ఇది చాలావరకు తిరిగి వచ్చే జబ్బు. ఆ 2005 పరిశోధనలో రేడియేషన్, మాత్ర రెండూ తీసుకున్నవారిలో సగం మంది 14.6 నెలలు దాటారు, రెండేళ్ళకు నూటికి 26 మంది ఉన్నారు. ఎంజీఎంటీ అనుకూలంగా ఉన్నవారికి మాత్ర ఇంకా బాగా పనిచేసింది. పొలం అమ్మి మూడు నగరాలు తిరగడం కంటే, సరైన వైద్యం దగ్గర్లో చేయించి మిగిలిన రోజులు పిల్లల మధ్య గడపనివ్వడం మంచిదని మేం అనడానికి కారణం ఇదే. అన్నయ్యగారి మనసు కూడా అడగండి. చాలా ఇళ్ళలో ఆయనని తప్ప అందరినీ అడుగుతారు.

ప్రశ్న: నా భార్యకి 31 ఏళ్ళు. నెలసరి ఆగిపోయింది, గర్భం కాకపోయినా రొమ్ముల్లో పాలు వస్తున్నాయి. ఎమ్మారైలో పిట్యూటరీ గడ్డ 1.2 సెంటీమీటర్లు, ప్రొలాక్టిన్ 410. ముక్కులోంచి ఆపరేషన్ అన్నారు. ఎక్కడ చేయించాలి?
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: ముందు ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరు) చూపించండి, ఆపరేషన్ తేదీ తీసుకోకండి. పాలు పట్టించే హార్మోనైన ప్రొలాక్టిన్ 200 దాటితే అది ఎక్కువగా ప్రొలాక్టినోమా, అంటే ఆ హార్మోను తయారుచేసే గడ్డ. దానికి మొదటి వైద్యం కేబర్గోలిన్ మాత్రలు, వారానికి ఒకటి రెండుసార్లు. చాలామందిలో గడ్డ చిన్నదైపోతుంది, నెలసరి తిరిగి వస్తుంది. నెలసరి రాకముందే గర్భం నిలవవచ్చు, అది గుర్తుంచుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, గ్యాస్‌కి వాడే డామ్‌పెరిడోన్ లాంటి మందులు, కొన్ని మానసిక వైద్యపు మందులు వాడుతున్నా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. వాడే మందులన్నీ చెప్పండి, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూపించండి. కంటి డాక్టరు దగ్గర ఫీల్డ్ టెస్టు (పక్క చూపు పరీక్ష) చేయించండి. చూపు తగ్గుతూ మాత్రకి లొంగకపోతేనో, మాత్ర ఒంటికి పడకపోతేనో ఆపరేషన్. అప్పుడు న్యూరోసర్జన్, చెవి ముక్కు గొంతు డాక్టరు కలిసి ఎండోస్కోపుతో చేసే చోటు, ఎండోక్రైనాలజిస్టు అక్కడే ఉండే చోటు చూడండి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, చూపు పోవడం జరిగితే గడ్డలోకి రక్తం చేరి ఉండవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మా అమ్మకి 72. తలతిరుగుడుకి స్కాన్ తీస్తే 2 సెంటీమీటర్ల మెనింజియోమా బయటపడింది. గామా నైఫ్ కోసం దూరం తీసుకెళ్ళాలా?
(ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: అది మెదడు పొరలోంచి పుట్టేది, ఎక్కువగా క్యాన్సర్ కాదు. చుట్టూ వాపు లేకుండా, ఇబ్బంది పెట్టకుండా ఉంటే 6 నెలలకి ఒక ఎమ్మారై, తర్వాత ఏడాదికోసారి. చాలామందికి అంతే. తలతిరుగుడు దాని వల్లేనా, చెవి వల్లా, బీపీ మందు వల్లా అన్నది ముందు తేల్చండి. గామా నైఫ్ పేరులో కత్తి ఉన్నా అది ఒక్కసారి గురి చూసి పెట్టే రేడియేషనే, సుమారు 3 సెంటీమీటర్ల లోపు గడ్డలకి. ఇదే పనిని సైబర్ నైఫ్‌తోనూ, మంచి లీనియర్ యాక్సిలరేటర్‌తోనూ చేస్తారు. గడ్డ పెరుగుతోందని రెండు స్కాన్లు చెప్పాక ఆలోచించండి.

ప్రశ్న: మా చిన్నాన్నకి బయాప్సీ చేయాలన్నారు. కత్తి పెడితే పాకిపోతుందని ఇంట్లో భయపడుతున్నారు. ఆకు మందు ఇచ్చేవారి దగ్గరికి తీసుకెళ్తామంటున్నారు.
(ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా)

జవాబు: మెదడు గడ్డ బయాప్సీ వల్ల పాకదు. ఆపరేషన్ తర్వాత కొందరిలో జబ్బు ముదరడం నిజమే. ఆ రకం గడ్డ కత్తి పెట్టకపోయినా అలాగే పెరిగేది. బయాప్సీకి ఉన్న అసలు ప్రమాదం రక్తం కారడం. అది తక్కువమందికే జరుగుతుంది, దాని గురించి డాక్టరుని సూటిగా అడగండి. ముక్క తీయకపోతే అది టీబీయో, లింఫోమానో, గ్లయోమానో తెలియదు. ఈ మూడింటికీ వైద్యం పూర్తిగా వేరు, మొదటిది నయమైపోయే జబ్బు.

పెద్దల నమ్మకాన్ని తోసిపుచ్చి గొడవపడకండి. ఇంటి పెద్దని ఒకరిని డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్ళి, స్కాను తెర మీద చూపించి చెప్పించండి. ఆకు మందు కడుపులోకి ఇస్తే కాలేయం దెబ్బతినవచ్చు, తర్వాత కీమో మాత్ర ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. ఇప్పటికే ఏదైనా ఇచ్చి ఉంటే డాక్టరుకి దాచకుండా చెప్పి ఎల్ఎఫ్టీ (కాలేయ పరీక్ష) చేయించండి. ఎవరేం చెప్పినా చిన్నాన్నగారి ఫిట్స్ మాత్రలు, స్టెరాయిడ్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపవద్దు.